రెండు భుజాల మీద పిన్నులు

2022. సింగపూర్ పాయా లేబర్‌లో ఒక ఇరుకు గదిలో నాటక బృందాలకు దుస్తులు తయారుచేసేదాన్ని. కోవిడ్ తర్వాత థియేటర్లు తెరుచుకోగానే అందరికీ అన్నీ ఒకేసారి కావలసి వచ్చాయి. కళ్లు మంటలు, వేళ్లకు తిమ్మిర్లు. ఇక చాలిద్దామనుకుంటున్న రోజుల్లో ఒక గ్రీకు విషాద నాటకం వచ్చిపడింది.

వాళ్లకు కావలసింది పెప్లోస్. ప్రాచీన గ్రీసులో ఆడవాళ్లు కట్టిన బట్ట. మన చీరలాగే ఒకటే గుడ్డ. పైఅంచును బయటికి మడిచి, ఒంటికి చుట్టి, భుజాల దగ్గర పిన్నులు పెట్టి, నడుముకు తాడు కడతారు. రొమ్ము మీదుగా జారే ఆ మడతను ఓవర్‌ఫోల్డ్ అంటాం. డైరెక్టర్ మే అనే చైనీస్ అమ్మాయి. తను గీసిన బొమ్మ చూపించి, నాటకంలోని ముసలి రాణికి ఎడమ భుజం వదిలేసి ఒక్క పిన్నే పెట్టమంది.

ఆ ముసలి రాణి వేషం వసుధది. రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు ఉద్యోగం, గుంటూరు వైపు మనిషి. ఫిట్టింగ్‌కు వచ్చి, టేపు చూడగానే వెనక్కి జరిగింది.

"అక్కా, కాస్త తలుపేస్తారా?"

వేశాను.

"ఎడమవైపు రొమ్ము తీసేశారు. చెయ్యి ఇంతకంటే లేవదు. ట్రూప్‌లో ఎవరికీ చెప్పలా. ఒంటి భుజం డ్రెస్సయితే మానేస్తానండీ. ఏదో ఒకటి చెప్తాలే వాళ్లకి."

నిజానికి ఓదార్చే ఓపిక నాకు లేదు. "చేతులు కిందికే ఉంచమ్మా" అని క్రేప్ గుడ్డ చుట్టి, రెండు భుజాల మీదా పిన్నులు పెట్టాను. తల మీంచి తొడిగేది కాదు, వీపున జిప్పు లేదు. చెయ్యి ఎత్తే పనే పడలేదు.

"లోపల ప్యాడ్ పెట్టుకోవాలా?"

"నీ ఇష్టం. ఒకసారి లేకుండా చూసుకో."

చాలాసేపు అద్దంలో చూసుకుంది. మడత రెండువైపులా ఒకేలా పడలేదు. సర్దబోయాను.

"ఉండనీయండక్కా."

మేతో నేను మాట్లాడతానంటే వద్దంది. తనే బయటికి వెళ్లి అంతా చెప్పింది. మే మొహం పాలిపోయింది.

"సారీ, నాకు తెలీదు లా. టూ పిన్స్, కెన్" అంది తన సింగపూర్ యాసలో, రెండు పిన్నులూ పెట్టొచ్చని.

"నేను చెప్తేగా నీకు తెలిసేది" అంటూ వసుధ నవ్వబోయి ఏడ్చింది.

ప్రదర్శనలో రాణి కొడుకు శవం ముందు కూలబడాలి. నేను స్టేజీ పక్క వింగ్‌లో నిలబడి పిన్నుల వంకే చూశాను. ఆమె పడింది, గుడ్డ ఆమెతోపాటు ఒరిగింది, మళ్లీ ఆమెతోపాటే లేచింది. పిన్నులు ఊడలేదు. ప్యాడ్ పెట్టుకోలేదు. హాల్లో ఎవరి చూపూ ఆ ఎడమవైపు పోయినట్టు లేదు. నేను ఖాళీ పెట్టె మీద కూర్చుని కళ్లు మూసుకున్నాను.

అలసట ఇప్పటికీ తీరలేదు, పనీ మానలేదు. కానీ ఎవరు వచ్చినా వెంటనే ఛాతీ కొలత మొదలుపెట్టను. ముందు అడుగుతాను: "చెయ్యి ఎంతదాకా లేస్తుంది? ఎక్కడైనా ముట్టుకోకూడదా?" చాలామంది నవ్వేసి ఏం లేదంటారు. కొందరు తలుపు వేసి, చెప్తారు.