వాడపల్లి రేవులో వదిలిన చీర

నా భార్య భారతి పోయి ఈ ఫిబ్రవరికి ఏడాది. ఆమె అస్థికలు కలిపింది వాడపల్లిలో, మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట. మొన్న ఇంట్లో ఏడాది కార్యం ముగిశాక మా వదిన భారతి చీర ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఏడాదికి ఇంకోటి గంగల విడవాలె. పోయినసారి విడిచినవు గద, గట్లనే" అంది. నేను ఎదురు చెప్పలేదు. భారతి ఉంటే చెప్పేది. వాళ్లమ్మ అస్థికలు కలిపిన రోజు అదే రేవులో అందరూ బట్టలు వదులుతుంటే, ఆమె మాత్రం తల్లి చీరలు మడిచి ఇంటికి తెచ్చుకుంది. "నీళ్లేం పాపం జేసినయి?" అని అడిగింది. ఆ మాట గుర్తుండి కూడా పోయినేడు ఆమె చీరను నేను నీళ్లలో వేశాను. ఇప్పుడు రెండోది. వేయాలో వద్దో తేల్చుకోకుండానే బయలుదేరాను.

మొదటి చీర గురించి ఇక్కడే చెప్పాలి. భారతి వాళ్లది చండూరు వైపు నేతపని ఇల్లు. అది వాళ్ల నాయిన నేసిన నూలు చీర, ఆకుపచ్చది, కొంగు నిండా ఏనుగులు. నేతకు ముందు నూలుకు రంగు వేసేటప్పుడు దారం కట్టు జారి ఒక ఏనుగుకు తొండం పడలేదు. చీరలు కొనే షావుకారు వద్దన్నాడు. భారతి అదే కావాలంది. పండుగలకు అదే కట్టేది.

నల్లగొండలో ఉదయం ఆరున్నరకు మిర్యాలగూడ బస్సు ఎక్కాను. టికెట్ డెబ్బై రూపాయలు, గంటంబావు ప్రయాణం. కారులో వెళ్దామని అన్నయ్య అన్నాడు. ఒక్క మనిషికి కారెందుకని భారతి అనేది. స్టీలు సీసాలో నీళ్లు, ఖాళీ స్టీలు డబ్బా, గుడ్డ సంచి, అన్నీ ఆమె పద్ధతే. పాల ప్యాకెట్లు కూడా కడిగి, ఆరబెట్టి, పాత సామాను కొనేవాడికి ఇచ్చేది. బజారు నుంచి నేను కవర్‌తో వస్తే గుమ్మం దగ్గరే ఆపేది.

మిర్యాలగూడ బస్టాండు ఎదురుగా టిఫిన్ బండి. స్టీలు ప్లేటు మీద ప్లాస్టిక్ కాగితం పరిచి, పొగలు కక్కే ఇడ్లీలు దాని మీద వేస్తున్నారు. నా డబ్బా ముందుకు పెట్టాను.

"ప్లేట్ల తినరాదు సార్?"

"ఆ కాగితం వద్దు."

"కాగితం లేకుంటే ప్లేటు కడగాలె. ఎవరు కడగాలె, నేనా?" అని నవ్వాడు. ఇడ్లీలు డబ్బాలో వేస్తూ, "పెండ్లాం ఇచ్చి పంపిందా సార్ గీ డబ్బ?" అన్నాడు.

"అవును" అన్నాను. నాలుగు ఇడ్లీలు ముప్పై రూపాయలు. చట్నీ బాగుంది.

అక్కడి నుంచి షేర్ ఆటో, మనిషికి యాభై. తొమ్మిదిన్నరకు రేవు చేరాను. రద్దీ లేదు. మెట్ల కింద ఒక మోటారు పడవ ఆగి ఉంది. నడిపే లింగయ్య నడుం లోతు నీళ్లలో నిలబడి, కొడవలితో ఏదో కోస్తున్నాడు. అడిగితే పైకెత్తి చూపించాడు. పడవ మోటారు రెక్కలకు చుట్టుకున్న చీరలు. ఎరుపు, పసుపు, ఊదా, అన్నీ ఒక్క ముద్ద. వాటి మధ్య ప్లాస్టిక్ కవర్లు, పూలదండల దారాలు. ఒడ్డున అలాంటి ముద్దలు ఇంకో మూడు ఉన్నాయి.

"గిది ఒక్క పొద్దుది సార్. ఏమనుకున్నరు?" అన్నాడు.

నేనేమీ అనుకోలేదు. ఏడాదిగా ఆ చీర నది వెంట వెళ్లిపోయిందనే నమ్ముతున్నాను. ఎక్కడికి వెళ్తుందని ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

"పోయినేడు నేను కూడా ఒకటి వేసిన" అని చెప్పాను.

అతను చెయ్యి ఆపాడు. "ఇప్పి ఏసిన్రా, కవర్ల బెట్టి ఏసిన్రా?"

అప్పుడు గుర్తొచ్చింది. చీర చెల్లాచెదురు కాకుండా ఉంటుందని ఎవరో షాపు కవర్ అందించారు. నేనే అందులో పెట్టి, మూతి ముడివేసి విసిరాను. ఇంట్లోకి కవర్ రానివ్వని మనిషిని నేను కవర్‌లో పెట్టి సాగనంపాను.

"కవర్ల బెడితె మునగదు సార్. గాలి నింపుకొని గీ మూలకే తేలుకుంట అస్తది. మేం తీస్తం."

"తీసి?"

"మంచియి మా ఆడామె ఉతికి చేనుకు కడ్తది. అడవి పందుల బాధ. పోయి సూడుండ్రి, గా కట్ట దాటితె మాదే."

పది నిమిషాల నడక. పల్లీ చేను, చుట్టూ కర్రలు, కర్రల మీదుగా చీరలు. దారి పొడవునా ఇలాంటి చేలు బస్సు కిటికీలోంచి చూశాను. పాత బట్టలే అనుకున్నాను. లింగయ్య భార్య యాదమ్మ కలుపు తీస్తోంది. నేను కంచె పక్కనే నడిచాను. నైలాన్ చీరలు రంగు పోకుండా మెరుస్తున్నాయి. ఉత్తరం వైపు ఒకటి మాత్రం వెలిసి, బూడిద రంగుకు తిరిగి, కింది అంచు చీకిపోయి ఉంది. కొంగు కర్రకు ముడివేసి ఉంది. ముడి పక్కనే ఏనుగు. తొండం లేదు.

అక్కడే ఆగాను. యాదమ్మ దగ్గరకొచ్చింది.

"ఏందన్నా, గట్ల నిలవడ్డవు? పాము గిట్ట కనవడ్డదా?"

"ఇది నా భార్యది."

ఆమె చీరనూ నన్నూ మార్చి మార్చి చూసింది. గబగబా ముడి విప్పబోయింది. "తెల్వక కట్టినమన్నా. తీస్కపో."

"ఉండనీ అమ్మా. పందులు వచ్చినయా ఈ దిక్కు?"

"గీ దిక్కు రాలె. మనిషి వాసనకు రావంటరు. ఏడాది ఎండకు, వానకు ఇంక ఏం వాసనుంటది? గని రాలె. గా మూలకు చీర లేదు సూడు, మొన్న అంత దున్నిపోయినయి."

సంచిలోంచి రెండో చీర తీసి ఆమెకిచ్చాను. ఆ మూలకు కట్టుకోమన్నాను. ఆమె అంచు పట్టి చూసి, భుజం మీద వేసుకుంది. "గింత మంచి చీర పందులకా? నేనే కట్టుకుంట."

"పోయిన మనిషిది. పట్టింపు లేదా?"

"ఆమె చీరనే గద నా చేను కాసింది. ఇంకేం పట్టింపు? నువ్వు దిగులు వడకు. పల్లీ పీకినంక గా ఏనుగు ముక్క మడిచిపెడ్త. అచ్చి తీస్కపో."

ఆ ఏనుగుల చీర ఉన్న కవర్ ఏమైందని అడిగాను. ఆమెకు నా ప్రశ్న అర్థం కాలేదు. "కవరా? గవి ఎవరు దాస్తరన్నా? గాలికి కొన్ని, గంగల కొన్ని. మొన్న మా బర్రె ఒకటి నమిలింది, దవాఖానకు కొట్కపోవాల్సొచ్చె."

పన్నెండున్నరకు తిరుగు ఆటో దొరికింది. దారంతా ఒకటే తొలిచింది. మేము ఇంట్లో ఇన్నేళ్లు సీసా, సంచి, డబ్బా అని పట్టుదలగా ఉన్నాం. ఆ పట్టుదలంతా పక్కన పెట్టి నేను ఒక్క కవర్ వదిలాను, అదీ ఆమె పేరున. నూలు చీర ఏడాదికే చీకి మట్టిలో కలుస్తోంది. ఇంకో ఏడాదికి ఏనుగు కూడా ఉండదు. కవర్ మాత్రం ఏ నీటి అడుగునో, ఏ పశువు కడుపులోనో అలాగే ఉంటుంది. చీర దొరికింది. కవర్ దొరకలేదు.

ఇలాంటి పని మీద వెళ్లేవారికి ఒక్క మాట. మీవాళ్ల బట్టలు నీళ్లకు ఇవ్వకండి, ఒడ్డున మనుషులున్నారు, అడిగి చేతికివ్వండి. పూలు, బూడిద తెచ్చిన కవర్‌ను అక్కడే విప్పి, మడిచి, జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చుకోండి.