ఆవుకు పెట్టే మొదటి రొట్టె

పంతొమ్మిది వందల యాభైల చివర నేను కాపురానికి వచ్చిన ఇంట్లో పెనం మీంచి దిగిన మొదటి జొన్నరొట్టె ఆవుది. తర్వాతవి సద్ది కట్టి నేనే చేనుకు మోసేదాన్ని. మామ, ఆయన కొడుకులు, అత్తమ్మ తిన్నాక మిగిలితే నాకు. పిండి అత్తమ్మే కొలిచి పోసేది కాబట్టి ఒక్కోనాడు సగం రొట్టె దక్కేది, ఒక్కోనాడు అదీ లేదు. దాన్ని ఎవరూ అన్యాయం అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

రెండుసార్లు నెలలు నిండకుండానే బిడ్డలు పోయారు. మూడోసారి నాలుగో నెలలో చేన్లో కళ్ళు తిరిగి పడితే, మా ఆయన బండి కట్టి కోస్గి దవాఖానకు తీసుకుపోయాడు. నర్సమ్మ కంటి రెప్ప కిందికి లాగి చూసి, ఒంట్లో నెత్తురు లేదంది. పాలు, గుడ్లు, ఆకుకూరలు, పండ్లు తినమంది. ఈ బిడ్డా పోతుందేమోనన్న భయంతో అన్నీ రేపటి నుంచే అనుకున్నాను. నా ఆరంభశూరత్వం మూడు రోజులు నిలవలేదు. పాలు మగవాళ్ళ చాయ్‌కి పోయేవి, గుడ్లు కోడి కింద పొదిగించడానికి. పండ్లు మా ఊళ్ళో జ్వరమొచ్చిన వాళ్ళే తినేవాళ్ళు.

అంగడి నాడు మళ్ళీ పోయి నర్సమ్మ ముందు నీళ్ళు నమిలాను. ఆమె కోప్పడలేదు.

"గవన్ని ఇడిసిపెట్టు. ఇంట్ల నీ చేతిల ఉన్న పని ఏంది?"

"రొట్టెలు చేసుడు."

"అయితే రోజు పొద్దుగాల ఒక్క రొట్టె తిని చేనుకు పో. గంతే. గదొక్కటి తప్పకు."

వినడానికి ఎంత తేలిక! మా ఇంట్లో ఎవరి లెక్కలోకీ రాని రొట్టె ఒక్కటే, ఆవుది. మర్నాటి నుంచి కొట్టంలో దాని వెనక నిలబడి, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఆ రొట్టె తినేదాన్ని. ఆవు నావైపే చూసేది. పాపం తగులుతుందని భయమేసేది. మొదట్లో సగమే మింగుడుపడేది, పదిహేను రోజులకు మొత్తం తినగలిగాను.

ఒకరోజు తలెత్తితే కొట్టం దర్వాజలో అత్తమ్మ. నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. ఇక ఇల్లు పీకి పందిరేస్తుందనుకున్నాను. ఆమె రొట్టె వైపు చూసింది, నా కడుపు వైపు చూసింది. మూలనున్న చొప్ప తెచ్చి ఆవు ముందు వేసింది. తర్వాత దర్వాజకు అడ్డంగా, నాకు వీపు పెట్టి నిలబడింది. బయట మామ దగ్గు వినిపించింది.

"గిటు రాకుండ్రి, ఆవు తన్నుతాంది!" అని కేకేసింది.

మా ఆవు పుట్టి బుద్ధెరిగి ఎవరినీ తన్నలేదు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

ఆనాటి నుంచి రోజూ అలాగే నిలబడేది. "తిన్నవా?" అని వెనక్కి తిరగకుండానే అడిగేది. తిన్నానంటే పక్కకు జరిగేది. ఆ ఐదు నెలల్లో అంతకు మించి ఈ సంగతి మా మధ్య ఒక్కసారి కూడా మాటల్లోకి రాలేదు.

బిడ్డ నెలలు నిండి పుట్టింది. పురుడు తీరి మళ్ళీ పొయ్యి ముందు కూర్చున్న రోజు, మొదటి రొట్టె తీసుకుపోయి కొట్టంలో అత్తమ్మ చేతిలో పెట్టాను.

"అత్తమ్మా, ముందుగాల నువ్వు తిను. నేను దర్వాజల నిలబడ్త."

ఆమె రొట్టెను రెండు చేతులా పట్టుకుంది.

"నాకు ముగ్గురు పోయిండ్రు, పిల్లా. గప్పుడు నాకోసం ఎవ్వలు నిలబడలే," అంది.

నేను వీపు తిప్పి నిలబడ్డాను. కాసేపటికి వెనక రొట్టె తుంచిన చప్పుడు వినిపించింది.