పాట సిలిండర్

నేను చెప్పే ప్రతి అంకెనూ మూడుతో భాగించుకోండి. మా ఆవిడ నాలుగుతో భాగిస్తుంది. ఆవిడ అనుభవం అలాంటిది.

మణికొండలో మా ఫ్లాటు తొమ్మిదో అంతస్తు. అందులో మేమిద్దరం ఒక మూల సర్దుకుని బతుకుతుంటాం. మిగతా జాగా అంతా ఏనుగు చెవులంత బాకాలున్న ఫోనోగ్రాఫులది. పళ్లెంలాంటి రికార్డులు రాకముందు పాటను మైనపు గొట్టం మీద గీసేవారు. దాన్నే సిలిండర్ అంటారు. ఇంట్లో అవి రెండువేలున్నాయి.

మియాపూర్‌లో ఉండే ఒక రిటైర్డ్ నర్సమ్మగారు నా పిచ్చి సంగతి విని పిలిపించారు. వాళ్ల నాయనమ్మ చిన్నప్పుడు మిషన్ బడిలో చదివిందట. దొరగారు బాకా ముందు నిలబెట్టి పాడమంటే, పాట మరిచిపోయి నవ్వేసిందట. ఆ నవ్వున్న సిలిండర్ ఇంట్లోనే ఉన్నా, యంత్రం లేక ఇప్పటిదాకా ఎవరూ వినలేదు.

"మా నాయనమ్మని నేను చూడనైనా లేదు బాబూ. నాకా ఎనభై దాటాయి. విని, ఇవాళే ఫోన్ చెయ్యి."

మా పార్కింగులో కారు దిగానో లేదో, ఆవిడ సిలిండర్ పెట్టిచ్చిన అట్టపెట్టె అడుగు ఊడిపోయింది. మైనాన్ని పైన తాకకూడదు. రెండు వేళ్లు లోపలికి దూర్చి, ఎడంగా చాపి పట్టుకోవాలి. అలాగే పట్టుకుని లిఫ్టెక్కాను.

నాలుగో అంతస్తుకీ అయిదోదానికీ మధ్య లిఫ్టు ఆగింది. ఫ్యానూ ఆగింది. ఎండాకాలం మధ్యాహ్నం, ఆ రేకు గోడ మీద దోసెలు పోయొచ్చు. పాత మైనం వేళ్ల వేడికే పగులుతుంది. కింద పెడదామంటే లిఫ్టు ఉండుండి ఉలిక్కిపడుతోంది, సిలిండర్ దొర్లిపోతుంది. ఎడమచేత్తో గోడమీది ఫోను అందుకున్నాను.

"సెక్యూరిటీ! లిఫ్టులో ఇరుక్కున్నాను. చేతిలో సిలిండర్ ఉంది, త్వరగా రండి!"

"లిఫ్టుల సిలిండర్ తేవద్దని బోర్డు పెట్టినం గద సార్! లీకైతుందా ఏంది?"

"లీకు కాదయ్యా, వేడికి పగిలేలా ఉంది!"

అవతల కుర్చీ పడిన చప్పుడు.

"గ్యాసు కాదు బాబూ, పాట సిలిండర్! పాట!"

"పాతదా? ఇగ అయిపాయె!"

సైరన్ మోగింది. లాప్‌టాపులు చంకన పెట్టుకుని, మీటింగులు చెవుల్లో మోగుతుండగానే, వెయ్యిమంది మెట్ల మీద నా పక్కనుంచే దిగిపోయారు. ఒక్కరూ ఆగలేదు. జేబులో ఫోను మోగింది.

"ఏమండీ, గేటు దగ్గరున్నాను. వాల్వు గట్టిగా తిప్పారా?"

"వాల్వేమిటే, ఇది మైనం!"

"అయ్యో రాత! ఉండండి, వీళ్లకి చెబుతాను. వింటేగా వీళ్లు!"

వినలేదు. నేను సిలిండర్‌ను నోటితో ఊదుతూ, తుమ్ము వస్తే మింగేస్తూ, అద్దంలో నన్ను నేనే బతిమాలుకుంటూ మూడు గంటలు నిలబడ్డాను. వేళ్లు కొయ్యబారాయి. చెమట మోచేతి దాకా కారింది. చివరికి మెకానిక్ వచ్చి తలుపు పెకలించాడు.

ఇంట్లోకి వెళ్లి నర్సమ్మగారికి ఫోన్ చేశాను.

"విన్నావా బాబూ? నవ్విందా?"

"ముందు గొంతు సవరించుకుందమ్మా. ఒక ముక్క అందుకుంది. ఆపుకోలేక కిసుక్కుమంది. పక్కనే ఇంకో పిల్ల కూడా నవ్వింది."

అవతల ఆవిడ కూడా నవ్వారు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారమూ ఫోన్ చేసి మళ్లీ చెప్పించుకుంటారు. ఆ రెండో పిల్ల ఎవరై ఉంటుందని అడుగుతారు. వచ్చి స్వయంగా వింటానంటారు. యంత్రం రిపేరుకిచ్చానని చెబుతున్నాను. ఇంటి నిండా యంత్రాలే పెట్టుకుని.

లిఫ్టు ఆగడం నిజం. సైరన్ నిజం. వాల్వు మాటైతే అక్షరాలా నిజం. నేను కల్పించింది ఆ నవ్వొక్కటే. మెకానిక్ రాకముందే నా వేళ్ల మీద 'టిక్' మంది. ఆ సిలిండర్‌లోంచి నేను విన్నది అంతే.