లక్ష్మక్క కానుగనూనె ఇంజన్

బళ్లారి దగ్గర మోక ఊరి పక్కన, హగరి ఏటి ఒడ్డున లక్ష్మక్కకు రెండెకరాల మిరపచేను. మొగుడు పోయినాక ఒంటిచేత్తో చేసుకునేది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. నీళ్లకు పాత డీజిల్ ఇంజనే దిక్కు.

ఇనుప గనుల తవ్వకం మంచి ఊపు మీదున్న ఏడాది అది. బళ్లారి దారిలో బంకు ముందు ఖనిజం లారీలు మైలు పొడుగునా బారులు తీరేవి. కాయ ముదిరే అదనులో లక్ష్మక్క క్యాను పట్టుకుని రెండు దినాలు నిలబడింది.

"లారీలకే సాలడం ల్యా. క్యాన్లకు పోసేది లేదు పో" అన్నారు బంకువాళ్లు.

మూడోనాటికి సగం చేను వాడిపోయింది. వాలిన మొక్కల మధ్య కూర్చుని చాలాసేపు ఇంజన్ వైపే చూసింది. మరునాడు మెకానిక్ మోజెస్ దగ్గరికి పోయింది. మిషన్ బడి వర్క్‌షాపులో పని నేర్చినవాడు, చుట్టుపక్కల ఇంజన్లన్నీ అతని చేతిలోవే.

"మోజెసప్పా, మా అవ్వ కానుగనూనెతో దీపం పెట్టేది. దీపంలో మండేది ఇంజన్‌లో మండదా?"

"మండుతాదిలే అక్కా. కానీ ఆ నూనె చిక్కన. ఇంజన్ పాడైతే నన్ను తిడతావు."

"పాడైతే నా ఇంజనే కదప్పా. నువ్వు పక్కన నిలబడు, సాలు."

ఎండాకాలంలో రోడ్డు పక్క కానుగ చెట్ల కింద కాయలు ఏరింది. కొట్టి, పప్పు తీసి, గానుగలో ఆడించింది. ఆ నూనె పోస్తే ఇంజన్ తెల్లగా పొగ కక్కి, నాలుగుసార్లు దగ్గి ఆగిపోయింది.

"ఏంది లక్ష్మక్కా, ఇంజన్‌కు తలంటుతాండావా?" అని పక్కచేను హంపన్న పగలబడి నవ్వాడు.

మోజెస్ ఫిల్టరు విప్పితే లోపల బెల్లంపాకం లాంటి మడ్డి. "ఇడిసిపెట్టు అక్కా" అన్నాడు.

"యాడ ఆగిందో తెలిసింది కదా. ఆడికే మందు చూడు."

మోజెస్ ఆలోచనలో పడ్డాడు. నూనె వేడెక్కితే పలచబడుతుంది. ముందు డీజిల్‌తో నడిపి, ఇంజన్ వేడెక్కినాక నూనెకు తిప్పాలి. ఆపేముందు, లోపల నూనె మడ్డి కట్టకుండా మళ్లీ డీజిల్. అందుకని రెండో చిన్న ట్యాంకు బిగించాడు. లక్ష్మక్క నూనెను ఎనిమిది దినాలు తేరనిచ్చి, నాలుగు మడతల గుడ్డలో వడపోసింది.

ఈసారి నూనెకు తిప్పినా చప్పుడు తెగలేదు. "తాగుతాండాది అక్కా, తాగుతాండాది!" అని మోజెస్ అరిచాడు. కాలువలో నీళ్లు పడ్డాయి. లక్ష్మక్క చీర కుచ్చిళ్లు దోపుకుని మడవలు తిప్పడానికి పరిగెత్తింది.

వారానికొచ్చే డీజిల్ ఇప్పుడు నెల దాటేది. నూనె తీయగా మిగిలిన చెక్క చేనికి ఎరువయ్యేది.

మూడేళ్లకు లారీల కోసం రోడ్డు వెడల్పు చేస్తూ కానుగలను కొట్టడానికి వచ్చారు. లక్ష్మక్క అడ్డం నిలబడింది. "రోడ్డు మీ ఇష్టం. కాయలు ఏరుకునేదాకా గొడ్డలి ఆపండప్పా." ఒక్క పూట ఆగారు. ఆ విత్తనాలతోనే తన గట్ల మీద నలభై మొక్కలు నాటింది. పదకొండు మేకల పాలయ్యాయి. మళ్లీ నాటి, కంప కట్టి, బిందెలతో నీళ్లు మోసింది.

తర్వాత గనులు మూతపడ్డాయి. లారీలు మాయమయ్యాయి.

"బంకులో అడిగినంత పోస్తాండారు. ఇంకా ఎందుకక్కా ఈ కష్టం?" అన్నాడు హంపన్న.

"ఇయ్యాల పోస్తాండారప్పా. నా చేనికి నీళ్లు ఒకరి దయ మీద పారకూడదు."

గట్ల మీది చెట్లు కాపుకొచ్చిన ఏడాది రెండు బస్తాల కాయలు దిగాయి. ఆ బస్తాలు చూసిన హంపన్న ఆ నెలలోనే మోజెస్‌ను పిలిపించి, తన ఇంజన్‌కూ రెండో ట్యాంకు పెట్టించుకున్నాడు. నూనె ఎట్లా వడపోయాలో లక్ష్మక్కే పక్కన కూర్చుని చూపించింది.