ఓడినోళ్ళకే బంతి

మా డ్రిల్లు సారు పోయారన్న మాట నాకు నంద్యాల బస్సు కండక్టరు చెప్పాడు. ఆళ్లగడ్డలో ఆ బస్సు మా విత్తనాల అంగడి ముందే ఆగుతుంది. ఆ రోజు అతను కిందికి కూడా దిగలేదు. ఫుట్‌బోర్డు మీద నిలబడే, "ఓ కీపరన్నా! మీ డ్రిల్లు సారు తెల్లారుజామున పోయినాడంట. మాపటికి మట్టి చేస్తారంట, పోతావా?" అని అరిచి, బస్సు పోనిచ్చాడు. నేను అప్పుడు ఒక రైతుకు విత్తనం వేరుశనగ బుడ్డలు తూకం వేస్తున్నాను. తూకం పూర్తి చేశాను. మూట కుట్టాను. "ఎవురప్పా పోయింది?" అని ఆ రైతు అడిగితే "మా సారు" అన్నాను. అంతే. ఏడుపు రాలేదు. పన్ను పీకే ముందు డాక్టరు సూది వేస్తే చెంప ఎట్లా ఉంటుందో, లోపలంతా అట్లా ఉండింది. ఇది రాస్తున్న ఈ రోజుకీ అట్లాగే ఉంది.

ఆయన మీకు తెలియకపోవచ్చు. నంద్యాలలో ఒక మిషను బడిలో డ్రిల్లు చెప్పేవారు. నేను ఆ బడిలో చదవలేదు, కానీ నాకు సారంటే ఆయనే. నంద్యాల, ఆళ్లగడ్డ, బనగానపల్లె, కొలిమిగుండ్ల, దొర్నిపాడు, ఈ ఐదూళ్ళ మధ్య పదేళ్ళకు పైగా ఫుట్‌బాల్ లీగు నడిచిందంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. ఫుట్‌బాలా, ఈ ఊళ్ళలోనా అని. అవును నాయనా, ఈ ఊళ్ళలోనే. లారీ క్లీనర్లు, టైలర్లు, అయ్యవార్లు, చర్చిలో పాటలు పాడేవాళ్ళు, మాబోటి రైతు బిడ్డలు, అందరం ఉత్త కాళ్ళతోనే ఆడాం. గోలుకు వల ఉండేది కాదు, రెండు సరుగుడు కట్టెలుండేవి. ఆ లీగు పుట్టింది ఆయన పట్టుదలలోంచి. దాన్ని బతికించుకోవడం తప్ప ఆయన జీవితంలో ఇంకేమీ కోరుకున్నట్టు నేను చూడలేదు.

నన్ను ఆళ్లగడ్డ జట్టులోకి తీసుకోవడానికి ఆయన మా ఇంటికే వచ్చారు. ఇస్త్రీ మడత చెదరని ఖాకీ నిక్కరు, సుద్ద రుద్దిన తెల్ల బూట్లు. మా నాయన మంచం మీది నుంచి లేవను కూడా లేవలేదు.

"సేన్లో పని ఇడిసిపెట్టి బంతి తంతాడా వీడు?"

"తన్నడప్పా. గోలు కాడ నిలబడతాడు, అంతే" అన్నారు సారు.

"ఊరికే నిలబడేదానికి నంద్యాల దంకా పోవల్లనా? ఈడ నిలబడితే కాదా?"

"ఈడ నిలబడితే నువ్వు చూస్తావు. ఆడ నిలబడితే ఊరంతా చూస్తాది."

మా నాయనకు నవ్వొచ్చింది. నవ్వితే ఒప్పుకున్నట్టే. పోయి మజ్జిగ తెమ్మని నన్ను లోపలికి పంపాడు.

లీగుకంతా ఉన్నది ఒకటే మంచి బంతి. మద్రాసు పోయినవాళ్ళ చేత సారు తెప్పించిన తోలు బంతి, ముందు తాడు బిగించి కట్టేది. మొట్టమొదటి ఆట నంద్యాలకూ మాకూ. మమ్మల్ని చితక్కొట్టారు. నా కాళ్ళ సందున రెండుసార్లు పోయింది బంతి, చూసినవాళ్ళు ఇప్పటికీ గుర్తు చేస్తుంటారు. ఆట కాగానే నంద్యాల కెప్టెన్ దాన్ని చంకన పెట్టుకుని బయల్దేరాడు. గెలిచినవాడు తీసుకుపోవడం న్యాయమే అనుకున్నాం అందరం. సారు అడ్డం పోయి, బంతి తీసుకుని, తెచ్చి నా చేతుల్లో పెట్టారు.

"ఓడినోళ్ళకే బంతి. మళ్ళీ ఆటకు మీరే తేవాల."

"గెలిచినోళ్ళకు ఏమీ ల్యాదా సార్?" అన్నాడు నంద్యాల కెప్టెన్, మొహం మాడ్చుకుని.

"గెలిచినారు కదప్పా. ఇంకేం కావాల?"

అప్పుడు మాకు అదొక పిచ్చి పద్ధతిగా తోచింది. మెల్లమెల్లగా అర్థమయింది. మా సీమ మనిషికి అన్నీ చేతనవుతాయి, ఓడిపోవడం ఒక్కటి చేతకాదు. ఓడిన ఊరికి మళ్ళీ పోడు, ఆ ఊరి సంబంధం కూడా చేసుకోడు. వట్టి చేతులతో పంపిస్తే ఓడిన జట్టు మళ్ళీ రాదని ఆయనకు తెలుసు. కానీ బంతి మన ఇంట్లో ఉంటే పోక తప్పదు. పోకపోతే ఐదూళ్ళ ఆట మన మూలాన ఆగిపోయిందన్న మాట పడాలి, అది ఓటమి కంటే పెద్ద తలవంపు. పైగా ఆ వారమంతా మంచి బంతితో సాధన చేసుకునేది కూడా ఓడినవాళ్ళే. మా అమ్మ ఆ బంతిని జొన్నల గంప మీద పెట్టేది. "ఇది మన ఇంట్లో ఎంతకాలం ఉంటాదిరా?" అని అడిగేది పాపం. ఆ ఏడాది చానా కాలమే ఉండింది.

దాంతో మా దిక్కున ఒక మాట పుట్టింది. ఓడిపోవడాన్ని 'బంతి మోయడం' అనడం. ఆట చూసి పోతున్నవాళ్ళను దారిలో ఎవరైనా అడిగేవారు, "ఈ పొద్దు ఎవురు మోసినారప్పా?" అని. బస్సెక్కితే ఒళ్ళో బంతి చూసి కండక్టరు పళ్ళికిలించేవాడు. తర్వాత తర్వాత ఆ మాట ఆట దాటి పోయింది. పదో తరగతి తప్పిన పిల్లవాడి తల్లి కూడా "మావోడు లెక్కల్లో మోసినాడక్కా" అనేది. సర్పంచి ఎన్నికల్లో ఓడిన పెద్దరెడ్డి ఇంటి ముందు ఎవరో పాత రబ్బరు బంతి పెట్టి పోతే అదొక రచ్చయింది. సారుకు ఈ సంగతి చెబితే కడుపుబ్బ నవ్వి, "ఆయన్ను కూడా ఆటకు తీసుకురాండప్పా, బ్యాక్ ఆడతాడు" అన్నారు.

దొర్నిపాడు వాళ్ళు లీగులో చివర చేరారు. కాలవ కింద వరి కోతలయ్యాక ఆడడానికి వచ్చారు. కొత్తవాళ్ళు, పద్ధతి తెలియదు. మొదటి ఆటలోనే చిత్తుగా ఓడారు. సారు ఎప్పటిలాగే వాళ్ళ చేతికి బంతి ఇచ్చారు. వాళ్ళ కెప్టెన్ దాన్ని రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. బాగా ఆడారని బహుమానం ఇచ్చారనుకున్నారు! ఆ సాయంత్రం బంతికి బంతిపూల దండ వేసి, ట్రాక్టరు మీద పెట్టి, తప్పెట్లతో ఊరంతా తిప్పారు. మరుసటి వారం ఆ ముచ్చట మాకు వాళ్ళే గొప్పగా చెబుతుంటే మేం నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగాం. మాలో ఒకడు అసలు సంగతి చెప్పబోయాడు. సారు వాడి చెయ్యి పట్టి ఆపారు.

"చెప్పొద్దు. ఊరేగింపు జరిగేది గెలిచినోళ్ళకేనా ఏంది?"

వాళ్ళకు ఎప్పుడు తెలిసిందో ఏమో మరి. తెలిశాక కూడా మానలేదు. ఓడి వచ్చిన ప్రతిసారీ తప్పెట్లు కొట్టుకునేవారు. లీగులో అందరికంటే సంతోషంగా ఆడింది వాళ్ళే.

ఆయన ఆదివారం పొద్దున చర్చికి పోయి, అటునుంచి అటే గ్రౌండుకు వచ్చేవారు. సంఘంలో పెద్దమనుషులు కొందరు ఆదివారం ఆటలేందని గొణిగితే, "ప్రార్థన అయినాంకనే కదయ్యా. సాయంత్రం దేవుడు కూడా ఖాళీగానే ఉంటాడు, చూడనీ" అనేవారు. ముందు బర్రెల్ని తోలేవారు. తర్వాత సున్నం తట్ట పట్టుకుని గీతలు గీసేవారు. మేం గీస్తామంటే ఒప్పుకునేవారు కాదు, మా గీతలు పాముల్లా పోతాయట. కొలిమిగుండ్లలో నేలంతా నాపరాయి, పడితే మోకాలి చిప్ప లేచిపోయేది. బనగానపల్లెలో మామిడికాయల కాలంలో ఆట నడుమ పళ్ళు కోసి పెట్టేవారు, తిన్నాక పరుగెత్తడం కష్టమయ్యేది. మా ఆళ్లగడ్డలో వాన పడితే నల్లరేగడి కాళ్ళకు అంటుకుని ఒక్కొక్క కాలు రెండు కాళ్ళ బరువయ్యేది. ఆయన మాత్రం ఎక్కడైనా అవే తెల్ల బూట్లతో, అదే గొంతుతో ఉండేవారు. ఎవడైనా ఎదుటివాణ్ణి పడగొడితే ఆట ఆపి, "లేపు. లేపినాంకనే ఈల" అని నిలబడేవారు.

ఆ రోజుల్లో మా జనం ఎడ్లబండ్లు కట్టుకుని వచ్చి చూశారు. ఆడవాళ్ళు సైతం మిద్దెలెక్కి చూసేవారు. గొప్పలు చెప్పడం లేదు, ఉన్నమాటే. మా నాయన కూడా వచ్చి గోలు వెనక కూర్చుని నన్ను తిట్టేవాడు.

చెడగొట్టింది చెడ్డవాడు కాదు. అదే నాకు కోపం. చెడ్డవాడైతే తిట్టుకోనైనా తిట్టుకునేవాణ్ణి. ఆటంటే ఇష్టమున్న ఒక కాంట్రాక్టరు లీగుకు వెండి కప్పు ఇస్తానని ముందుకొచ్చాడు. కప్పుతో పాటు జట్టుకొక కొత్త బంతి కూడా. షామియానా వేసి, మైకు పెట్టి, ఐదు జట్లకు ఐదు బంతులు పంచాడు. మేం ఎగిరి గంతేశాం. సారును మాట్లాడమంటే లేచి దండం పెట్టి, "సంతోషం" అని కూర్చున్నారు. సభ అయ్యాక నా పక్కన నడుస్తూ ఒక్కటే మాట అన్నారు.

"ఇంక ఓడినోడు ఎందుకొస్తాడప్పా?"

నాకు తలకెక్కలేదు. కప్పు వచ్చింది కదా, ఇంకా ఎక్కువమంది వస్తారు సార్ అన్నాను.

ముందు కొలిమిగుండ్ల వాళ్ళు మానేశారు. ఒక ఆట ఓడారు, వాళ్ళ బంతి వాళ్ళు తీసుకుని పోయారు, మళ్ళీ రాలేదు. తర్వాత దొర్నిపాడు. వాళ్ళకు ఊరేగించడానికి ఏమీ మిగల్లేదు. ఈలోగా అందరి నోటా క్రికెట్టే వచ్చింది. ఊరికొక టీవీ వచ్చింది, ఆదివారం సాయంత్రం జనం దాని ముందు చేరారు. అవి లేకున్నా లీగు పోయేదేనని నా నమ్మకం. సారు ఊరికే కూర్చోలేదు. సెలవు పెట్టి ఊరూరూ తిరిగారు. బనగానపల్లెకు నన్నూ తోడు తీసుకుపోయారు. వాళ్ళ కెప్టెన్ మాకు టీ తెప్పించి, మర్యాదగానే మాట్లాడాడు.

"ఎందుకప్పా రాల్యా మీరు?" అని సారు అడిగారు.

"మా బంతి మాకుండాది గదా సార్. ఈడనే మాలో మేం ఆడుకుంటాండాం."

సారు టీ తాగి, గ్లాసు కింద పెట్టి, "బాగా ఆడుకోండి" అన్నారు. లేచి నంద్యాల బస్సెక్కాం.

చివరికి నంద్యాల, మేము మిగిలాం. ఆ ఆదివారం ఆట మా ఊళ్ళో. ఆయన బస్సు దిగి వచ్చి, బర్రెల్ని తోలి, గీతలు గీశారు. నేను పోయి గోలు కాడ నిలబడ్డాను. మావాళ్ళు ఇద్దరు వచ్చారు, జనం లేరని చూసి వెళ్ళిపోయారు. నంద్యాల జట్టు ఏ బస్సులోనూ రాలేదు. ఆట వేళయింది. ఆయన నడుమ గీత మీద నిలబడి ఈల ఊదారు. ఊది, చేతులు వెనక కట్టుకుని నిలబడ్డారు. నేను గోలు దగ్గర, ఆయన నడుమ. ఎంతసేపో తెలియదు. పొద్దు వాలాక నా దగ్గరికి వచ్చారు.

"ఎవురూ ఓడిపోల్యా ఈ పొద్దు" అన్నారు.

"పోనీలే సార్" అన్నాను.

"ఎవురూ ఓడకపోతే లీగు యాడిదప్పా" అన్నారు, సున్నం అంటిన చేతులు నిక్కరుకు తుడుచుకుంటూ.

ఆ తర్వాత ఆయన ఆట మాటే ఎత్తలేదు. పనిమీద మా ఊరొస్తే అంగడిలో మూట మీద కూర్చుని పచ్చి బుడ్డలు నాలుగు ఒలుచుకు తిని, మా పిల్లల చదువులడిగి పోయేవారు. ఒకసారి నేనే ఉండబట్టలేక, బాధగా లేదా సార్ అని అడిగాను. "బాధ ఉంటే బాగుండు గదప్పా. అది కూడా ల్యా" అన్నారు. నాకు ఆయనంటే ప్రాణం. మా నాయన తర్వాత అంత ఇష్టం ఇంకెవరి మీదా లేదు. ఆ మాట ఆయనకు చెప్పలేదు, మా దిక్కున అట్లాంటివి చెప్పుకోరు.

మట్టి చేసే వేళకు నంద్యాల చేరాను. సమాధుల తోటలో నేననుకున్న దానికంటే జనం ఉన్నారు. కొలిమిగుండ్ల వాళ్ళు ఒక చెట్టు కింద, దొర్నిపాడు వాళ్ళు గోడ పక్కన, ఎవరి ఊరివాళ్ళు వాళ్ళే గుంపుగా నిలబడి ఉన్నారు. చర్చివాళ్ళు పాట పాడారు. సారు భార్య, మా అమ్మగారు, నా చెయ్యి పట్టుకుని, "అన్నం తిని పో నాయనా" అన్నారు. ఆమె కూడా ఏడవలేదు. పాస్టరుగారు తలా పిడికెడు మట్టి వేయమన్నప్పుడు గుంపులు విడిపోయి వరస అయింది. నా ముందు దొర్నిపాడు కెప్టెన్, నా వెనక బనగానపల్లె కెప్టెన్.

అందరూ వేశారు. పారలతో మిగతా మట్టి కూడా పూడ్చేశారు. ఇక పోవచ్చు, కానీ ఎవరూ కదల్లేదు.

"ఏం కీపరూ, జుట్టు పల్చనాయెనే" అన్నాడు బనగానపల్లె కెప్టెన్, నా భుజం మీద చెయ్యి వేసి.

"ఐదూళ్ళోళ్ళం ఉండాం చూడండప్పా" అన్నాడు నంద్యాల వాడొకడు. అంతా ఒకరినొకరు చూసుకున్నాం. నిజమే. ఆయన ఊరూరూ తిరిగి బతిమాలినా కూడని ఐదు జట్లు అక్కడ ఉన్నాయి.

"మళ్ళా ఎప్పుడప్పా? యాడ?" అని దొర్నిపాడు కెప్టెన్ అడిగాడు.

ఆట గురించే అడిగాడో, ఊరికే కలుసుకోవడం గురించి అడిగాడో నాకు తెలియదు. ఎప్పుడో, ఎక్కడో మాకు చెప్పేది ఎప్పుడూ సారొక్కరే. పొట్టలొచ్చిన మగవాళ్ళం, అంతమందిమీ, ఒకరికొకరం చెప్పుకోకుండానే ఆయన వైపు తిరిగి నిలబడ్డాం. మట్టి ఇంకా తడిగా ఉంది.