వెల్లుల్లి వేసింది నేనే

మా ఆఫీసులో ఇంటి నుంచి డబ్బా తెచ్చుకునేది ఇద్దరమే. ఒకరు నేను. రెండోవారు నా పక్క సీటాయన; తరాల కిందట బాగ్దాదు నుంచి వచ్చి సింగపూర్‌లో స్థిరపడ్డ యూదుల కుటుంబం. ఆయన్ని బయట తిననివ్వనిది మతం. నన్ను తిననివ్వనిది మా అత్తగారు. రెండింటికీ అప్పీలు లేదు.

ఒకరోజు, కొత్తగా చేరిన అమ్మాయి చేసిన పొరపాటును ఈమెయిల్లో ముప్పైమందికి కాపీ పెట్టి మరీ ఎత్తిచూపబోతున్నాను. ఆయన నా స్క్రీన్ వైపు చూసి మెల్లగా అన్నారు: నలుగురిలో ఒకరి ముఖం పాలిపోయేలా చేస్తే, నెత్తురు చిందించినంత పాపమని వాళ్ల ప్రాచీనులు చెప్పారట. ముఖంలోంచి నెత్తురు దిగిపోతుంది కదా, అందుకని. నేను ముప్పైమందినీ తీసేసి ఆ అమ్మాయికొక్కదానికే రాశాను.

అప్పుడే ఇంకో పాత కథ కూడా చెప్పారు. ఒక గురువుగారు పాఠం చెబుతుంటే వెల్లుల్లి వాసన గుప్పుమందట. తిన్నవాళ్లు బయటికి నడవండి అన్నారట. అందరికన్నా పెద్ద శిష్యుడు లేచి వెళ్లిపోయాడు. ఆయన వెనకే ఒక్కొక్కరుగా అందరూ లేచారు. తిన్నదెవరో ఎవరికీ తెలియకుండా పోయింది. ఆ పెద్ద శిష్యుడు మాత్రం వెల్లుల్లి ముట్టనే లేదు.

ఇంటికొచ్చి ఈ కథ అత్తగారికి చెప్పాను. ఆవిడ చిక్కుళ్ల ఈనెలు తీస్తూ, "ఆపాటి వాసనకే పాఠం ఆపేస్తే, ఆ పంతులు మా పుట్టింటి వంటింట్లో అక్షరం ముక్క చెప్పలేడు" అని తేల్చేశారు. కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను.

కార్తీకంలో మా చోవా చూ కాంగ్ పేట తెలుగువాళ్లం పార్కులో వనభోజనాలు పెట్టుకుంటాం. ఉసిరిచెట్టు దొరకదు కాబట్టి, మార్కెట్లో కొన్న ఉసిరికాయల్ని రెయిన్ ట్రీ మొదట్లో పేర్చి, చెట్టుకి ఆ పూటకి ఉద్యోగం ఇస్తాం. ఎవరేం వండాలో జాబితా రాసేది నేను. ఏటా అడుగున 'ఉల్లి, వెల్లుల్లి వద్దు' అని రాస్తాను. ఈసారి, అందరికీ తెలిసిందేగా అని ఆ ముక్క వదిలేశాను.

తెలియనిది ఒక్కర్తే. కరీంనగర్ నుంచి మూడు నెలల కిందట వచ్చిన కొత్త పెళ్లికూతురు. "రామ్మా, మనవాళ్లంతా పరిచయమవుతారు" అని పిలిచిందీ నేనే. ఆ పిల్ల గుత్తివంకాయ చేసుకొచ్చింది. మా అత్తగారూ అదే చేశారు. రెండూ ఒకే రకం ట్రేలలో పక్కపక్కనే కూర్చున్నాయి.

నన్నందరూ ముక్కుసూటి మనిషి అంటారు. ఆరోజు ఆ ముక్కే కొంప ముంచింది. మూత తీయగానే వాసన కొట్టింది, నోరు దానంతటదే తెరుచుకుంది: "ఎవరండీ కూరలో వెల్లుల్లి వేసింది?"

పాతికమంది చేతుల్లో ప్లేట్లు ఆగిపోయాయి. ఆ పిల్ల ముఖం చూశాను. నెత్తురు దిగిపోవడమంటే ఏమిటో అప్పుడు కళ్లారా తెలిసింది. ఇంక ఈ పిల్ల మళ్లీ మా మధ్యకు రాదు అనుకున్నాను.

"నేనే వేశానే" అన్నారు అత్తగారు, చాపమీంచి కదలకుండా. "అలవాటున చెయ్యి జారింది."

నలభై ఏళ్లుగా కార్తీకంలో వెల్లుల్లి ఉన్న గిన్నెను కూడా ముట్టని మనిషి! అక్కడ ఆ సంగతి తెలియనివాళ్లు లేరు. ముందుగా ఎదురు బ్లాకు ఆంటీ, "నా పప్పు పోపులోనూ పడిందేమో పిన్నిగారూ" అంది. "మా చట్నీ సంగతీ అనుమానమే" అన్నారొకాయన. పద్నాలుగేళ్ల మా అమ్మాయి చిప్స్ ప్యాకెట్ తిప్పి చదివి, "ఇందులో కూడా గార్లిక్ ఉంది లా!" అని సింగపూర్ యాసలో అరిచింది. అందరూ నవ్వారు. ఆ పిల్లా నవ్వింది, కొంచెం ఆలస్యంగా.

"జాబితాలో ఆ మాట రాయనిది నేను, ముందు నన్ను తన్నాలి" అని చెప్పి, ఆ ట్రేని విడిగా పెట్టి, నియమం ఉన్నవాళ్లు దానివైపు రావద్దన్నాను. నియమం లేనివాళ్లు అన్నిటికన్నా ముందు దాన్నే ఖాళీ చేశారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగాను: "అత్తయ్యా, ఆ కథ గుర్తుందన్నమాట!"

"గుర్తుండక? మీ శిష్యుడు లేచి నడిచాడన్నావ్. నాకు మోకాళ్లు సహకరించవు. కూర్చునే ఒప్పుకున్నా."

కిటికీలో నా ముఖం కనిపించింది. ఇంత గర్వం మా అమ్మాయి ఫస్టు వచ్చినప్పుడు కూడా పడలేదు. అత్తగారి గురించి ఇలా అనిపిస్తుందని పెళ్లినాడు ఎవరైనా చెప్పుంటే నమ్మేదాన్ని కాదు.

సోమవారం మా పక్క సీటాయనకి చెబితే, తినే డబ్బా మూసి మరీ విన్నారు. చివర్లో, "ఆవిడకి నా నమస్కారం చెప్పు" అన్నారు. చెప్పాను. "మోకాళ్లకేమైనా మందు చెప్పాడా?" అన్నారు అత్తగారు.

రెండు వారాల తర్వాత ఆ పిల్ల మా తలుపు తట్టింది, చేతిలో గిన్నె.

"అత్తమ్మా, గుత్తొంకాయ తెచ్చిన. ఇండ్ల ఎల్లిగడ్డ ఎయ్యలే."

అత్తగారు మూత తీసి వాసన చూసి, పెదవి విరిచారు.

"కార్తీకం మొన్ననే అయిపోయింది కదే. వేసుకు రావలసింది!"