చిట్టియ్య కాపలా కాసిన తీగ

కొవ్వూరు నుంచి నిడదవోలు వైపు వెళ్ళే కాలవగట్టు మీద ఎవరైనా గునపం ఎత్తారంటే చాలు, చిట్టియ్య ఎక్కడున్నా వచ్చి వాలేవాడు. గట్టు కింద టెలిఫోన్ వాళ్ళ గాజుతీగ, అదే ఫైబర్ కేబుల్, ఉంది. తొంభైల్లో దాన్ని పాతినప్పుడు కందకం తవ్విన కూలీల్లో అతనొకడు. పనయ్యాక కాంట్రాక్టరు అతన్నే కాపలా పెట్టాడు. రోజూ సైకిలు మీద గట్టంతా తిరగాలి, ఎవరినీ తవ్వనివ్వకూడదు. ఉద్యోగమంటే అంతే. దానికే ఎంత పొంగిపోయాడో పిచ్చిమారాజు!

"తవ్వకండి బాబూ. మాటలన్నీ దీంట్లోంచే పోతన్నాయండి. తెగిందంటే ఇటు ఊళ్ళన్నీ మూగబోతాయండి, ఆయ్," అనేవాడు. గేదెకు గుంజ పాతుకోనిచ్చేవాడు కాదు, అరటి పిలక నాటుకోనిచ్చేవాడు కాదు. ఊళ్ళో అతని చేత మాట పడని ఇల్లు లేదు.

రెండు వేల నాలుగులో కూతురు వెంకటదుర్గకు పెళ్ళి కుదిరింది. పెళ్ళిపందిరికి తొలి రాట ఈశాన్యం మూల వెయ్యాలని ఆనవాయితీ. చిట్టియ్య ఇల్లు గట్టు వారనే ఉంది. ఇంటి ముందు ఆ కొస నుంచి ఈ కొస దాకా నేల కింద తీగే. ముత్తైదువలు పసుపూ కుంకుమా నవధాన్యాలూ పట్టుకుని నిలబడ్డారు. బావమరిది గునపం ఎత్తాడు. చిట్టియ్య గబగబా వెళ్ళి దాన్ని పట్టుకున్నాడు.

"ఇక్కడొద్దు. వెనక్కి వేద్దాం."

"వెనకంటే నైరుతి. బుద్ధుందా నీకు?" అంది భార్య తలుపులమ్మ. "నీ కూతురి రాటయ్యా ఇది."

"ఊరందరినీ ఆపినోణ్ణి. నా ఇంటికొచ్చేసరికి తవ్వుకుంటే రేపు ఎవరికి చెప్పగలను?"

చివరికి వెంకటదుర్గే సర్దిచెప్పింది. "నాన్న మాట పోనివ్వకమ్మా. ఎక్కడేస్తే ఏంటి."

రాట నైరుతిలో వేశారు.

ఏడాది తిరక్కుండా అల్లుడు చంద్రరావు పనిచేసే ఇసుక పడవ గోదాట్లో మునిగింది. మనిషి దక్కలేదు. వెంకటదుర్గ పుట్టింటికి వచ్చేసింది. మోయలేనంత ఇసుక పోస్తే పడవ మునిగింది గానీ, దానికీ రాటకీ ఏం సంబంధమని మనం అనుకోవచ్చు. తలుపులమ్మ అనుకోలేదు. "పిల్ల బతుకు కంటే నీకు తీగ ఎక్కువైపోయింది," అని అన్నం పెడుతూ అనేది, నీళ్ళు తోడుతూ అనేది. చిట్టియ్య కూడా లోలోపల అదే నమ్మాడు పాపం. అయినా పొద్దున్నే సైకిలెక్కేవాడు. అంత చేసి కాపాడిన తీగ, ఇప్పుడు తెగితే కూతురికి తను మొహం చూపించలేడు.

ఆ మరుసటి ఏడాది వానలకు గట్టు కోసుకుపోయింది. తీగ ఉన్న గొట్టం బయటపడి, తీగ తెగి వేలాడింది. చిట్టియ్య సైకిలెక్కాడు. తడుస్తూనే కొవ్వూరు ఎక్స్ఛేంజికి పోయాడు. చూస్తే అక్కడ అంతా మామూలుగానే ఉంది, ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఇంజనీరు ఉదయభాస్కర్ సంగతి విని అతన్ని కూర్చోమన్నాడు.

"ఆ తీగ ఎప్పుడో వదిలేశామండి. మెయిన్‌రోడ్డు పక్కన కొత్త ఫైబర్ వేశాం కదా, లైన్లన్నీ అందులోకి మార్చేశాం."

"ఎప్పుడండి?"

"రెండు వేల మూడులో. మీ కాంట్రాక్టరు చెప్పలేదా? కాపలా బిల్లు వస్తోంది కదాని ఊరుకునుంటాడు."

అంటే పెళ్ళికి ముందు ఏడే. చిట్టియ్య సైకిలు నడిపించుకుంటూ ఇంటికొచ్చాడు. తీగ సంగతేమైందని తలుపులమ్మ అడిగింది. అతను వెళ్ళి కూతురి ముందు చతికిలబడ్డాడు.

"దుర్గమ్మా, నీ రాట వేసిన రోజుకే ఆ తీగలో మాటలేం పోవట్లేదంట తల్లీ."

వెంకటదుర్గ తండ్రి వైపు తిరిగింది.

"అయితే ఈశాన్యంలోనే వేసుండొచ్చు నాన్నా," అంది.

ఇన్నాళ్ళూ రాట గురించి అతన్ని ఒక్క మాటా అననిది ఆ ఇంట్లో ఆ పిల్ల ఒక్కతే.